చర్చి ప్లాన్‌లో ‘నేవ్’ అంటే ఏమిటి? తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో నాది చిన్న డీటీపీ షాపు. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలతో పాటు చర్చి ప్రతిష్ఠ ఆహ్వానాలు, జూబిలీ సావనీర్లు కూడా చేస్తుంటాను. దేవరకొండ, మిర్యాలగూడ వాళ్లే కాదు, కల్వకుర్తి, నాగర్‌కర్నూల్ దాకా సంఘ పెద్దలు ప్లాన్ కాగితం చేతిలో పట్టుకుని వస్తారు. అందులో నడుమ ఉన్న ఒక మాట దగ్గర అందరూ ఆగుతారు. అడిగిందే మళ్లీ మళ్లీ అడుగుతున్నారు కాబట్టి, వాళ్లు అడిగిన తీరులోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ప్లాన్ చేతికి వచ్చినప్పుడు

ప్లాన్‌లో నడుమ ‘నేవ్’ అని రాశారు. అదేంటిది?

జనం కూర్చునే పెద్ద హాలు. అంతే. చర్చి గుమ్మం దాటినప్పటి నుంచి వేదిక మెట్ల దాకా ఉండే నడిమి భాగాన్ని ‘నేవ్’ అంటారు. లాటిన్‌లో ‘నావిస్’ అంటే ఓడ. ఆ మాటే గుడిలోని ఈ భాగానికి పేరైంది, ఇంగ్లీషులో నేవ్ అయ్యింది. ఇంజనీరు కొత్తగా కనిపెట్టిన గది ఏదో ఉందని, దానికి వేరే ఖర్చు పెట్టాలని భయపడకండి. మీరు ఎలాగూ కట్టబోయే హాలు పేరే అది.

నేవీకి, దీనికి ఏమన్నా సంబంధం ఉందా?

ఒక పెద్దాయన ప్లాన్ చూసి, “మన మందిరంలో నేవీ వాళ్ల ఆఫీసెందుకు బాబూ?” అని నిజంగానే అడిగాడు. నవ్వొచ్చింది గానీ, ఆయన పట్టుకున్న తీగ సరైనదే. నేవీ, నావిగేషన్, నేవ్ మూడూ ‘నావిస్’ నుంచి వచ్చినవే. వాంతి వచ్చేట్టు కడుపులో తిప్పడాన్ని డాక్టర్లు ‘నాసియా’ అంటారు కదా, అదీ ఈ ఇంటిదే. గ్రీకులో ఓడను ‘నౌస్’ అంటారు. ఓడెక్కినవాళ్లకు కడుపులో తిప్పడమే ఆ మాటకు మొదటి అర్థం.

ఫోన్‌లో కొడితే ‘చక్రం నడిమి భాగం’ అని వస్తోంది. ఏది నమ్మాలి?

రెండూ నిజమే. ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగుతో రెండు వేర్వేరు మాటలున్నాయి. ఒకటి గుడిలోని హాలు. ఇంకొకటి బండి గిర్రకు నడుమ, ఇరుసు దూరే కుండ. వీటికి చుట్టరికం లేదు, పేర్లు కలిశాయంతే.

ఇది నాకు దెబ్బ తగిలాక తెలిసిన సంగతి. ఒక జూబిలీ సావనీరులో చర్చి భాగాల పేర్లకు తెలుగు అర్థాలు పెట్టమన్నారు. ఫోన్‌లో వచ్చింది చూసి, తొందరలో ‘నేవ్: చక్రనాభి’ అని కొట్టేశాను. 500 కాపీలు అచ్చయ్యాక ఒక టీచరమ్మ చూసి, “మన గుడి ఎడ్లబండా?” అంది. ఆ రాత్రి నేనూ మా ఆవిడా కూర్చుని ఒక్కో కాపీలో ఆ వరుస మీద తెల్ల స్టిక్కర్ అంటించాం.

మనకు పనికొచ్చే ముచ్చట ఒకటి ఇందులో ఉంది. చక్రం నేవ్ మన ‘నాభి’కి చుట్టం, గుడి నేవ్ మన ‘నావ’కు చుట్టం. ఇంగ్లీషులో కలిసిపోయిన ఆ రెండు మాటలూ మన దగ్గర ఇప్పటికీ వేర్వేరుగానే ఉన్నాయి.

## మాట ఎక్కడిది

మన ‘నావ’ను వాళ్లు తీసుకెళ్లారా, వాళ్ల మాట మన దగ్గరికి వచ్చిందా?

రెండూ కాదు. సంస్కృతంలో ‘నౌ’, లాటిన్‌లో ‘నావిస్’, గ్రీకులో ‘నౌస్’ ఒకే పాత భాష నుంచి చీలిన మాటలు. అక్కచెల్లెళ్ల లాంటివి, తల్లీకూతుళ్లు కావు. సంస్కృతానికి, గ్రీకు లాటిన్లకు ఇట్లాంటి పోలికలున్నాయని విలియం జోన్స్ అనే బ్రిటిష్ జడ్జి 1786లో కలకత్తాలో చెప్పిన తర్వాత పండితులు వీటి మీద గట్టిగా పనిచేశారు. మన నావ, నావికుడు, నౌక సంస్కృతం వైపు నుంచి తెలుగులోకి వచ్చాయి. మహబూబ్‌నగర్ పాత బజారులో ఉర్దూ మాట్లాడేవాళ్లను అడిగినా పడవను ‘నావ్’ అనే అంటారు. పడవ, తెప్ప, పుట్టి మాత్రం వేరే దారిలో మన నోటికి వచ్చిన మాటలు. వాటికి నేవ్‌తో సంబంధం లేదు.

అందుకే ప్లాన్‌లో ఆ మాట చూసి పరాయిదని బెరుకు పడనక్కరలేదు.

గుడికి ఓడ పేరు పెట్టాలని ఎవరికి తోచింది?

ఫలానా మనిషి అని చెప్పలేం. పోలిక మాత్రం చాలా పాతది. నోవహు ఓడలో ఎక్కినవాళ్లు నీళ్ల నుంచి బతికిన కథను, బాప్తిస్మంతో కలిపి మొదటి పేతురు పత్రిక 3వ అధ్యాయంలోనే చెప్పారు. అలల్లో చిక్కుకున్న శిష్యుల పడవ సంఘానికి గుర్తని టెర్టూలియన్ అనే తొలినాటి క్రైస్తవ రచయిత బాప్తిస్మం మీద రాసిన పుస్తకంలో అన్నాడు.

కట్టడం గురించి సూటిగా చెప్పింది 4వ శతాబ్దం చివర సిరియా ప్రాంతంలో కూర్చిన ‘అపొస్తలిక్ కాన్‌స్టిట్యూషన్స్’ అనే సంఘ నియమాల పుస్తకం. అది చదువుతుంటే నాకు మన ఊరి ఆదివారం ఆరాధనే కళ్ల ముందుకు వచ్చింది. గుడి పొడుగ్గా, తూర్పు ముఖంగా, ఓడలా ఉండాలంటుంది. బిషప్పు ఓడ నడిపే పెద్ద, ఆయన కుర్చీ నడుమ ఉండాలి, సంఘ పెద్దలు ఇరుపక్కలా కూర్చోవాలి. డీకన్లు, అంటే సంఘ పరిచారకులు, ఓడలో పనివాళ్లలా చురుగ్గా తిరుగుతూ జనాన్ని సర్ది కూర్చోబెట్టాలి. మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు. మగవాళ్ల గుమ్మం దగ్గర మగ కాపలా, ఆడవాళ్ల గుమ్మం దగ్గర ఆడ డీకన్లు. 1600 ఏళ్ల కిందటి ఆ పద్ధతి నకిరేకల్ పక్క పల్లెల్లో ఈ ఆదివారం కూడా కనబడుతుంది. ఓడ సంగతి మాత్రం అక్కడ ఎవరికీ గుర్తు లేదు.

ఇంగ్లీషులో ఈ మాట ఎప్పటి నుంచి ఉంది?

చర్చి భాగానికి పేరుగా 17వ శతాబ్దం నుంచి. అంతకు ముందు ఇంగ్లీషువాళ్లు ‘గుడి ఒళ్లు’ అనే అర్థం వచ్చే మాట వాడేవాళ్లు. మిగతా యూరప్ భాషల్లో ఓడ ఇంకా తేటగా కనబడుతుంది. జర్మన్‌లో ఇప్పటి ఓడకూ, గుడి హాలుకూ ‘షిఫ్’ అనే మాటే వాడతారు. ఫ్రెంచిలో ‘నెఫ్’, ఇటాలియన్‌లో ‘నవాతా’ అంటారు.

నోవహు పేరు నుంచే ‘నావ’ వచ్చిందని మా పాస్టర్ గారు చెప్పారు. నిజమేనా?

వినడానికి బాగుంటుంది గానీ కాదు. నోవహు హీబ్రూ పేరు, ఆ భాష కుటుంబమే వేరు. ఆదికాండం 5:29లో ఆ పేరును ఊరటతో ముడిపెట్టారు, ఓడతో కాదు. ఆయన ఓడకు హీబ్రూలో వాడిన మాట ‘తేబా’. పసివాడు మోషేను నైలు నదిలో వదిలిన జమ్ము పెట్టెకూ అదే మాట. పాస్టర్ గారితో వాదన పెట్టుకోకండి. టీ తాగేటప్పుడు మెల్లగా చెప్పండి.

కప్పు తిరగేసిన పడవలా ఉంటుంది కాబట్టే ఆ పేరంటారు కదా?

ఆ పోలిక కూడా కొంత సాయం చేసి ఉండొచ్చు. కట్టె దూలాలు, వంపు తిరిగిన పక్కటెముకల్లాంటి వాసాలు ఉన్న పాత చర్చిలో తల పైకెత్తి చూస్తే బోర్లించిన పడవలాగే కనబడుతుంది. ఫ్రాన్స్‌లోని ఓన్‌ఫ్లర్ రేవు ఊళ్లో సెయింట్ కేథరిన్ చర్చిని 15వ శతాబ్దంలో ఓడలు చేసే వడ్రంగులే కట్టారు. అందులో పక్కపక్కన రెండు నేవ్‌లున్నాయి, రెండూ బోర్లించిన ఓడ అడుగుల్లా ఉంటాయి. కానీ సంఘాన్ని ఓడతో పోల్చడం అలాంటి కప్పుల కంటే చాలా ముందుది. బల్లపరుపు కప్పున్న చర్చిలో కూడా ఆ భాగం పేరు నేవే.

గ్రీకు వాళ్ల ‘నావోస్’ నుంచి వచ్చిందని ఇంకోచోట చదివాను.

‘నావోస్’ అంటే దేవుడుండే ఇల్లు, గుడి. ఓడకు గ్రీకు మాట ‘నౌస్’. చెవికి దగ్గరగా వినిపిస్తాయి గానీ వేర్లు వేరు. ఆర్థడాక్స్ చర్చిల్లో జనం నిలబడే భాగాన్ని నావోస్ అనే పిలుస్తారు కాబట్టి ఈ తికమక తేలిగ్గా పోదు.

బైబిల్లో నేవ్ అనే మాట ఉందా?

గుడి భాగం అన్న అర్థంలో లేదు. పాత కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో మొదటి రాజులు 7:33లో ఆ మాట కనబడుతుంది, కానీ అక్కడ సొలొమోను మందిరంలో నీటి తొట్లు నిలిపే ఇత్తడి పీటల చక్రాల గురించి చెబుతున్నారు. అది బండి గిర్ర కుండ. వచనం నంబరు వేసి సావనీరులో పెట్టమని ఒకరు అడిగితే ఆపేశాను.

## లోపల అడుగు పెట్టాక

నేవ్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుంది?

గుమ్మం లోపలి నుంచి, బలిపీఠం లేదా ప్రసంగ వేదిక ఉన్న ఎత్తు మొదలయ్యే దాకా. వేదిక ఉన్న చోటును ‘చాన్సెల్’ అంటారు. లాటిన్‌లో జాలీ కంచెను ‘కాన్సెల్లీ’ అనేవాళ్లు, జనానికీ పాదిరులకూ నడుమ అది ఉండేది కాబట్టి ఆ పేరు. రాసింది కొట్టేయడాన్ని ‘కేన్సిల్’ అనడమూ అక్కడిదే, అడ్డంగా గీసిన గీతలు జాలీలా కనబడతాయని.

పాత ఇంగ్లాండులో ఈ గీత డబ్బు లెక్కల్లో కూడా ఉండేది. చాన్సెల్ మరమ్మతు పాదిరి బాధ్యత, నేవ్ మరమ్మతు ఊరి జనం బాధ్యత. ఇక్కడ రెండింటికీ చందా పుస్తకం ఒకటే.

పెళ్లికూతురు నడిచి వచ్చేది నేవ్‌లోనా, ఐల్‌లోనా?

మాట పట్టుకుని చూస్తే నేవ్‌లోనే. నేవ్‌కు రెండు పక్కలా స్తంభాల అవతల ఉండే సన్నటి భాగాలు ‘ఐల్’లు. లాటిన్‌లో ‘ఆలా’ అంటే రెక్క. గుడి ఓడకు రెక్కలెందుకంటే నా దగ్గర జవాబు లేదు, పేర్లు పెట్టినవాళ్లు ఒక్క పోలికతో ఆగరు మరి. ఇంగ్లీషు స్పెల్లింగులో పలకని ‘ఎస్’ అక్షరం ఒకటుంది. అది ద్వీపం అనే ఇంకో మాటతో కలగాపులగమై వచ్చి చేరింది.

కాలం గడిచాక బెంచీల నడుమ దారినీ ఐల్ అనడం అలవాటైంది. విమానంలో, సూపర్‌మార్కెట్లో కూడా అదే మాట. అందుకే పెళ్లి సినిమాల్లో అమ్మాయి ‘ఐల్’లో నడిచినట్టు చెబుతారు. ప్లాన్‌లో ఐల్ అని ఉంటే మాత్రం పక్క భాగమనే అర్థం చేసుకోండి. ఆ మాటను నడిమి దారి అనుకుని మేస్త్రీ పక్కన వదలాల్సిన చోటు నడుమ వదిలితే తర్వాత సరిచేయడం కష్టం.

బెంచీలు ఉంటేనే నేవ్ అంటారా? మేం చాపల మీద కూర్చుంటాం.

బెంచీలతో పని లేదు. యూరప్‌లోనే చాలా కాలం నేవ్‌లో బెంచీలు ఉండేవి కావు, జనం నిలబడేవాళ్లు. ముసలివాళ్లకు గోడ వెంట రాతి అరుగులుండేవి. వరుస బెంచీలు మధ్యయుగాల చివర్లో మొదలై, ప్రొటెస్టంట్లు విడిపోయిన సంస్కరణోద్యమం తర్వాత, పొడుగాటి ప్రసంగాలతో పాటు బాగా పెరిగాయి. తాండూరు బండల మీద జంపఖానా పరుచుకుని కూర్చునే మన సంఘాలది ఆ లెక్కన పాత పద్ధతికి దగ్గర.

పెద్ద చర్చిల్లో నడిమి కప్పు ఎత్తుగా, పక్కలు పొట్టిగా ఎందుకుంటాయి?

వెలుతురు కోసం. ఈ నమూనా రోమన్ల ‘బసిలికా’ది. అది కోర్టులకు, వ్యాపారానికి వాడిన పెద్ద హాలు. కట్టె దూలం ఒక పొడుగు దాటితే వంగుతుంది కాబట్టి వెడల్పు హాలుకు నడుమ రెండు వరుసల స్తంభాలు పెట్టక తప్పదు. అప్పుడు నడిమి భాగంలోకి వెలుగు రాదు. అందుకే నడిమి కప్పును పక్కల కప్పు కంటే పైకి లేపి, ఆ తేడా గోడలో కిటికీలు పెట్టారు. మన పాత మిద్దె ఇళ్లలో కప్పుకు గవాక్షం వదిలేది కూడా ఈ చీకటి బాధ పడలేకే. 313లో రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవులకు స్వేచ్ఛ దొరికాక పెద్ద చర్చిలు కట్టాల్సి వచ్చినప్పుడు చేతికందిన నమూనా ఇదే.

స్తంభానికీ స్తంభానికీ నడుమ ఖాళీని ఇంజనీర్లు ‘బే’ అంటారు. మనకు దానికి చక్కటి మాట ఉంది, అంకణం. ‘మూడంకణాల ఇల్లు’ అన్నట్టే ‘ఏడంకణాల నేవ్’ అనొచ్చు.

నేవ్ లేని చర్చి ఉంటుందా?

ఫ్రాన్స్‌లో బోవే కెథడ్రల్ ఉంది. వేదిక వైపు భాగాన్ని దాదాపు 48 మీటర్ల ఎత్తు కప్పుతో లేపారు. గోపురం 1573లో కూలింది. జనం కూర్చునే నేవ్ మాత్రం ఎప్పటికీ కట్టలేకపోయారు. ముందు హాలు లేపి తర్వాత గోపురం చూసుకుందామనే మన కమిటీలకు ఈ కథ చెబితే బాగా నచ్చుతుంది.

## మన దిక్కు కట్టడాల్లో

మా ఊరి మందిరం ఒకటే హాలు. దానికీ నేవ్ ఉన్నట్టేనా?

ఉన్నట్టే. వేదిక వదిలేస్తే మిగిలిందంతా నేవే, ఐల్‌లు లేవంతే. పాలమూరు దిక్కు మెన్నోనైట్ బ్రదరెన్, నల్గొండ దిక్కు బాప్టిస్టు మిషన్ల ప్రభావం ఎక్కువ. వాళ్ల పద్ధతిలో ఆడంబరం తక్కువ, వాక్యం వినబడటం ముఖ్యం. ఇప్పుడు స్లాబు కింద బీములు వేసో, ఇనుప ట్రస్సుల మీద రేకులు వేసో నడుమ పిల్లర్ లేకుండానే హాలు లేపుతున్నారు. పిల్లర్ వెనుక కూర్చుని నిద్రపోయే వీలు దాంతో పోయింది.

మెదక్ చర్చి నేవ్ 100 అడుగులు, 200 అడుగులు అంటారు. నిజమేనా?

ఆ కొలతలు మొత్తం చర్చివి, నేవ్ ఒక్కదానివి కావు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ కట్టడం సిలువ ఆకారంలో ఉంటుంది, గంట గోపురం 175 అడుగులు. సిలువకు అడ్డ చేతుల్లా ఉండే భాగాన్ని ‘ట్రాన్సెప్ట్’ అంటారు. నిలువు చేతిలో పొడుగాటి వైపు నేవ్. క్రిస్మస్ రద్దీలో కాకుండా మామూలు రోజున వెళ్లి, గుమ్మంలో నిలబడి వేదిక వైపు చూస్తే నేవ్ అంటే ఏమిటో ఈ పేజీ కంటే బాగా తెలుస్తుంది.

హిందూ గుడిలో నేవ్‌కు సమానమైనది ఏది?

మహామండపం అనుకుంటే కొంత దగ్గర, పూర్తిగా కాదు. గుడిలో భక్తుడు వచ్చి, దర్శనం చేసుకుని, ప్రదక్షిణ చేసి వెళ్తాడు. చర్చిలో గంటన్నర కలిసి కూర్చుంటారు. హాలు పొడుగు ఆ అవసరం నుంచి వచ్చింది.

కట్టడం ఆకారంలో పోలిక కావాలంటే ఆలంపురం వెళ్లండి. బాదామి చాళుక్యుల కాలపు నవబ్రహ్మ ఆలయాల్లో మండపాన్ని రెండు వరుసల స్తంభాలు మూడు భాగాలుగా చేస్తాయి. వాస్తు చరిత్ర రాసేవాళ్లు ఆ నడిమి భాగాన్ని ‘నేవ్’ అనే రాస్తారు. చదివినవాళ్లు అక్కడ చర్చి ఉండేదేమోనని కంగారు పడొద్దు, అది వర్ణన కోసం అరువు తెచ్చుకున్న మాట. ‘నవబ్రహ్మ’లోని నవకు కూడా దీనితో సంబంధం లేదు, అది తొమ్మిది.

సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో ఒక కొస గుండ్రంగా తిరిగిన చైత్యగృహాల పునాదులున్నాయి. మన శాస్త్రాల్లో ఆ ఆకారాన్ని గజపృష్ఠం, అంటే ఏనుగు వీపు అన్నారు. చర్చిల్లో వేదిక వెనుక అలా గుండ్రంగా ఉండే కొసను ‘ఆప్స్’ అంటారు.

సోమశిల పుట్టిలా గుండ్రంగా కడితే అప్పుడు నేవ్ ఉండదా?

ఉంటుంది. లండన్‌లో టెంపుల్ చర్చి ఉంది, 1185లో ప్రతిష్ఠ చేశారు. దాని నేవ్ అచ్చంగా గుండ్రమే. జనం ఉండే చోటు కాబట్టి అది నేవ్, ఆకారాన్ని బట్టి కాదు. కృష్ణలో పుట్టి ఎక్కినవాళ్లు మాత్రం ఒప్పుకోవాలి, అది ఒక్కచోటే గిరగిరా తిరుగుతుంది. పొడుగాటి హాలులో అయితే అందరి చూపూ వేదిక వైపే ఉంటుంది.

## రాసేటప్పుడు, అచ్చు వేసేటప్పుడు

తెలుగులో ఏమని రాయాలి? నేవ్, నావ, మధ్యశాల?

ప్లాన్ మీద ‘నేవ్’ ఉంచండి, ఇంజనీరుకూ మేస్త్రీకీ తికమక ఉండదు. సావనీరులో ‘ఆరాధన హాలు’ రాస్తే అమ్మమ్మకు కూడా అర్థమవుతుంది. ‘మధ్యశాల’ నాకెందుకో గవర్నమెంటు బోర్డులా అనిపిస్తుంది, పైగా తొందరలో చదివితే మద్యశాల అయ్యే ప్రమాదం ఉంది. చర్చి గోడ మీద ఆ రిస్కు వద్దు.

శిలాఫలకం మీద ‘ఈ నావను ఫలానా వారు కట్టించారు’ అని చెక్కించొచ్చా?

అర్థం తప్పు కాదు, నాకైతే ముచ్చటగానే ఉంది. కానీ పక్కన ఒక్క వరుస వివరం లేకపోతే చూసినవాళ్లు పడవ దానం చేశారనుకుంటారు. రాయి చెక్కేవాళ్లు అక్షరాల లెక్కన తీసుకుంటారు కాబట్టి ఆ వివరానికి డబ్బు వేరే. మొన్న ఒక సంఘం వాళ్లు రాయి మీద ‘ఆరాధన హాలు’ అనే చెక్కించి, గుమ్మం పైన సిమెంటుతో చిన్న పడవ బొమ్మ పోయించారు. తెరచాప కొయ్య ఉండాల్సిన చోట సిలువ పెట్టారు. డిజైన్ ప్రింటు నేనే తీసిచ్చాను, మేస్త్రీ పడవ ముక్కును కాస్త ఎడమకు తిప్పేశాడు.